గేమింగ్ కోసం ప్రాసెసర్లను పోల్చడం ఎలా? విశాఖలో పీసీ కట్టించుకునేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

ద్వారకానగర్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో కంప్యూటర్ షాపుకి వెళ్లి గేమింగ్ పీసీ కావాలని చెబితే మొదట వినబడే ప్రశ్న దాదాపు ఒకటే: "ఐ5 వేయమంటారా, ఐ7 వేయమంటారా, లేక రైజెన్‌కి వెళ్దామా?" ఆ ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పకండి. ఐ5, ఐ7 అనేవి ఇంటెల్ కంపెనీ తన ప్రాసెసర్లకు పెట్టుకున్న మెట్లు, రైజెన్ దాని పోటీదారు ఏఎండీ సరుకు. ఏ సంవత్సరం ఐ5, ఏ సంవత్సరం ఐ7 అన్నది తెలియకపోతే వాటికి అర్థమే లేదు. 2022లో వచ్చిన కోర్ ఐ5-12400ఎఫ్, 2017 నాటి కోర్ ఐ7-7700ని గేముల్లో తేలిగ్గా దాటిపోతుంది.

ప్రాసెసర్‌ని మరో ప్రాసెసర్‌తో పోల్చడం చివరి పని. ముందు దాన్ని మీ మానిటర్‌తో, మీరు ఆడే గేమ్‌తో, మీ గ్రాఫిక్స్ కార్డుతో పోల్చాలి. ఆ మూడూ తేలాక, చేతిలో ఉన్న జాబితాలో సగం పేర్లు వాటంతటవే రాలిపోతాయి. మిగిలిన రెండు మూడింటి మధ్యే అసలు పోలిక. ఇంట్లో నాన్నగారిని ఒప్పించి తెచ్చుకున్న డబ్బయినా, మొదటి జీతాల్లోంచి దాచుకున్నదైనా, ప్రాసెసర్ మీద అవసరానికి మించి పెట్టిన ప్రతి రూపాయీ గ్రాఫిక్స్ కార్డుకు తగ్గిన రూపాయే. అందుకే ఈ వరుసను పాటించమని గట్టిగా చెబుతున్నాను.

మొదటి మెట్టు: మీకు ఎన్ని ఫ్రేములు కావాలి?

గేమ్‌లో తెర మీద కదిలేదంతా ఒకదాని వెనుక ఒకటి వచ్చే బొమ్మలే. ఒక్కో బొమ్మ ఒక ఫ్రేమ్. ప్రతి ఫ్రేమ్‌కీ ముందు ప్రాసెసర్ లెక్కలు వేస్తుంది: ఎదుటివాడు ఎక్కడున్నాడు, బుల్లెట్ ఎటు పోయింది, గోడ కూలితే ముక్కలు ఎక్కడ పడాలి, ఈ బొమ్మలో ఏమేం గీయాలి. ఆ పట్టీ అందుకున్నాకే గ్రాఫిక్స్ కార్డు గీయడం మొదలుపెడుతుంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. 144 కావాలంటే 6.9 మిల్లీసెకన్లు. 240 కావాలంటే 4.2 మాత్రమే.

రిజల్యూషన్‌ని, అంటే తెర మీది చుక్కల (పిక్సెళ్ల) వరుసల సంఖ్యని, 1080 నుంచి 1440కి పెంచితే గ్రాఫిక్స్ కార్డుకి పని బాగా పెరుగుతుంది, ప్రాసెసర్‌కి దాదాపు పెరగదు. ఎందుకంటే పిక్సెళ్లు ఎన్ని ఉన్నా గదిలో ఉన్న శత్రువులు అంతమందే, ఎగిరే బుల్లెట్లు అన్నే. ప్రాసెసర్‌ని తొందరపెట్టేది ముఖ్యంగా ఫ్రేముల సంఖ్య.

కాబట్టి కాగితం మీద మొదట రాసుకోవాల్సింది మీ మానిటర్ రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదో చెప్పే హెర్ట్జ్ అంకె. 75 హెర్ట్జ్ మానిటర్ మీద 200 ఫ్రేములు ఇచ్చే ప్రాసెసర్ పెట్టినా కంటికి అందేవి 75. దాని కింద మీరు నిజంగా ఎక్కువ గంటలు ఆడే గేముల పేర్లు రాయండి. ఆడాలని కలగనే గేములు వద్దు, రోజూ ఆడేవి. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటివి గ్రాఫిక్స్ పరంగా తేలిక. అక్కడ 200, 300 ఫ్రేములు కావాలనుకుంటే భారం ప్రాసెసర్ మీదే పడుతుంది. సైబర్‌పంక్ 2077 లాంటివి గ్రాఫిక్స్ కార్డుని పిండేస్తాయి, అయితే జనంతో నిండిన వీధుల్లో, రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) ఆన్ చేసినప్పుడు ప్రాసెసర్‌ని కూడా గట్టిగానే పరీక్షిస్తాయి. బాల్డర్స్ గేట్ 3 మూడో అంకంలోని నగరం, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, సిటీస్ స్కైలైన్స్ 2లో పెద్ద ఊళ్లు, ఇవన్నీ ప్రాసెసర్‌కి కఠిన పరీక్షలు. ఎల్డెన్ రింగ్ పీసీలో 60 ఫ్రేముల దగ్గరే ఆగిపోయేలా చేసిన గేమ్. అదొక్కటే ఆడేవాళ్లు ఖరీదైన ప్రాసెసర్ గురించి ఆలోచించనక్కర్లేదు.

రెండో మెట్టు: ఇప్పుడున్న పీసీలో అడ్డు ఎక్కడుందో పట్టుకోండి

ఇప్పటికే పీసీ ఉంటే కొనేముందు ఒక్క సాయంత్రం ఈ పని మీద పెట్టండి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌తో పాటు వచ్చే రివాట్యూనర్ వేసుకుంటే, గేమ్ నడుస్తుండగానే తెర మూలన ఫ్రేములు, గ్రాఫిక్స్ కార్డు వాడకం శాతం, ఒక్కో కోర్ (ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు వేసే ఒక్కో భాగం) వాడకం కనబడతాయి. ముందు గేమ్‌లో ఫ్రేములను ఒక హద్దు దగ్గర ఆపి ఉంచే వీ-సింక్, ఫ్రేమ్ లిమిట్ సెట్టింగులు రెండూ ఆపేయండి. లేకపోతే లెక్క మొత్తం తప్పుతుంది.

గ్రాఫిక్స్ కార్డు వాడకం 95 శాతం పైన నిలకడగా ఉంటే అడ్డు అదే. ప్రాసెసర్ మారిస్తే పెద్దగా ఒరిగేది లేదు. కార్డు 60, 70 శాతం దగ్గర ఆడుతూ ఫ్రేములు పెరగకుండా ఆగిపోతే ప్రాసెసరో ర్యామో వెనకబడుతున్నట్టు. అనుమానం ఉంటే దీన్ని రుజువు చేసుకోవడం కూడా సులువే. గేమ్‌లో అదే చోట నిలబడి రిజల్యూషన్‌ని 720కి తగ్గించండి. ఫ్రేములు బాగా పెరిగితే గ్రాఫిక్స్ కార్డుదే లోటు. దాదాపు అలాగే ఉంటే ప్రాసెసర్ తన పైకప్పు తాకేసినట్టు.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. టాస్క్ మేనేజర్ తెరిచి "ప్రాసెసర్ 35 శాతమే వాడుతోంది, ఇంకా బోలెడు ఖాళీ ఉంది" అనుకుంటారు. గేమ్ లెక్కల్లో చాలా భాగం ఒకటి రెండు ముఖ్యమైన థ్రెడ్ల (కోర్ల మీద నడిచే పని వరుసల) మీదే నడుస్తుంది. 6 కోర్లు, 12 థ్రెడ్లు ఉన్న ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం మీటర్‌లో అది 8 శాతంగానే కనబడుతుంది. మొత్తం శాతం చూసి తీర్పు చెప్పొద్దు. గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉందా లేదా అన్నదే నమ్మదగిన సాక్ష్యం.

ఇంకో మాట. మన దగ్గర గేమ్ సరిగ్గా నడవకపోతే అన్నిటినీ కలిపి "ల్యాగ్" అనేస్తాం. వాలరెంట్‌లో మనం ఆడే సర్వర్ ముంబైలో ఉంటుంది, విశాఖకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. ఫ్రేములు 150 ఉండి కూడా ఎదుటివాడు ఎగిరెగిరి కనబడుతుంటే అది పింగ్ (సర్వర్‌కి సమాచారం వెళ్లి రావడానికి పట్టే సమయం) సమస్య, నెట్ కనెక్షన్‌దో వైఫైదో. ఏ ప్రాసెసరూ దాన్ని బాగుచేయలేదు. వైఫై తీసేసి రౌటర్ నుంచి నేరుగా కేబుల్ వేసి చూడండి. ఆ కేబుల్ ఖర్చుతోనే సమస్య తీరిపోతే ఈ మార్గదర్శిలో మిగతా మెట్లు మీకు అవసరం లేదు.

మూడో మెట్టు: రివ్యూలోని అంకెలను చదవడం

ఇది అన్నిటికంటే ముఖ్యం. గేమర్స్ నెక్సస్, హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్, టెక్‌పవర్‌అప్ లాంటివాళ్లు ప్రాసెసర్లను ఎంతో ఓపికగా పరీక్షిస్తారు. ఆ ఫలితాలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అయితే వాటిని ఎలా చదవాలో తెలియాలి.

ప్రాసెసర్ పరీక్షల్లో వాళ్లు కావాలనే మార్కెట్‌లో అన్నిటికంటే బలమైన గ్రాఫిక్స్ కార్డు పెడతారు, రిజల్యూషన్ 1080 దగ్గర ఉంచుతారు. "అంత ఖరీదైన కార్డు కొన్నవాడు 1080లో ఎందుకు ఆడతాడు?" అని కింద కామెంట్లు వస్తుంటాయి. కార్డు అడ్డు రాకుండా పక్కకు తప్పిస్తేనే ప్రాసెసర్ పైకప్పు ఎక్కడుందో తెలుస్తుంది. 4కే (2160) రిజల్యూషన్‌లో పరీక్షిస్తే మంచి ప్రాసెసరూ మామూలు ప్రాసెసరూ ఒకే అంకె చూపిస్తాయి, ఎందుకంటే అక్కడ కొలుస్తున్నది కార్డునే. ప్రాసెసర్ రివ్యూలో కనబడే అంకె మీ ఇంట్లో మీకొచ్చే అంకె కాదు. ఆ గేమ్‌లో ఆ ప్రాసెసర్ అందించగల గరిష్ఠం.

మీకొచ్చే అంకె తెలియాలంటే రెండు రివ్యూలు పక్కపక్కన పెట్టుకోవాలి. ప్రాసెసర్ రివ్యూలోంచి ఒక అంకె తీసుకోండి. మీ గ్రాఫిక్స్ కార్డు రివ్యూలోంచి, అదే గేమ్‌లో మీ రిజల్యూషన్‌లో, మీరు వాడే సెట్టింగులతో వచ్చే అంకె తీసుకోండి. రెండింటిలో ఏది చిన్నదో అదే సుమారుగా మీ ఫలితం. ఒక ఉదాహరణ అనుకుందాం. ప్రాసెసర్ "క" ఒక గేమ్‌లో 130 ఫ్రేములు, ప్రాసెసర్ "చ" 190 ఫ్రేములు ఇవ్వగలవు. మీ కార్డు 1440లో 95 ఇస్తుంది. "క" పెట్టినా 95, "చ" పెట్టినా 95. ఈ పీసీకి "చ" కొనడం వల్ల ఈ రోజు వచ్చే లాభం సున్నా. అదే మీరు వాలరెంట్‌కి మారితే, అక్కడ కార్డు 400 ఇవ్వగలిగి "క" 260 దగ్గర, "చ" 380 దగ్గర ఆగితే, 360 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాడికి ఆ తేడా నిజమైన తేడా. 144 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాడికి అదీ అంతగా ఉపయోగపడదు. ఇక్కడి అంకెలు లెక్క అర్థం కావడానికి పెట్టినవే. మీ గేముకి, మీ కార్డుకి ఉన్న అసలు అంకెలు తెచ్చుకుని ఇదే లెక్క వేయండి.

కార్డు రివ్యూల్లో సెట్టింగులు అల్ట్రాలో ఉంటాయని గుర్తుంచుకోండి. మీరు మీడియంలో ఆడితే, లేదా డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే పద్ధతి) వాడితే కార్డు అంకె పైకి వెళ్తుంది. అప్పుడు ప్రాసెసర్ పైకప్పు దగ్గర పడుతుంది. ఎప్పుడూ పోటీ పద్ధతిలో తక్కువ సెట్టింగుల్లో ఆడేవాళ్లకు ప్రాసెసర్ ఎక్కువ అవసరపడేది ఇందుకే.

తర్వాత సగటు ఫ్రేముల పక్కనే ఉండే "1 శాతం లో" అన్న అంకె చూడండి. అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల లెక్క అది. సగటు 140 ఉండి 1 శాతం లో 55 ఉన్న ప్రాసెసర్ కంటే, సగటు 125 ఉండి 1 శాతం లో 95 ఉన్నది ఆడుతున్నప్పుడు ఎంతో బాగుంటుంది. మలుపు తిరగ్గానే, పొగ బాంబు పేలగానే ఒక్క క్షణం తెర ఆగినట్టయ్యే స్టటర్ మొదటిదాంట్లో ఎక్కువ. బలహీనమైన ప్రాసెసర్ తన లోటును ముందుగా బయటపెట్టేది సగటులో కాదు, ఇక్కడే. నా మాటగా అడిగితే, రెండు ప్రాసెసర్ల సగటులు 10 శాతం లోపు దగ్గరగా ఉంటే సగటును పక్కన పెట్టి ఈ ఒక్క అంకె చూసి నిర్ణయించుకోండి.

సినీబెంచ్ మార్కులు చూపించి గేమింగ్‌కి ఇదే గొప్పదని ఎవరైనా చెబితే నమ్మకండి. సినీబెంచ్ త్రీడీ రెండరింగ్‌ని కొలుస్తుంది, ఎన్ని కోర్లుంటే అంత మంచి మార్కు. గేమ్ తత్వం వేరు. 2024 అక్టోబర్‌లో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 9 285కే ప్రాసెసర్ అలాంటి పనుల్లో బలంగా నిలబడింది. గేముల్లో మాత్రం చాలాచోట్ల తన ముందుతరం 14900కే కంటే వెనకబడింది. మొత్తం ప్రాసెసర్‌కి ఒకే ఒక్క మార్కు వేసి చూపించే పోలికల మీద కూడా ఆధారపడొద్దు. మీరు ఆడే గేమ్ పేరుతో అంకె లేకపోతే ఆ పోలిక మీది కాదు.

నాలుగో మెట్టు: పెట్టె మీద రాసినదానిలో ఏది లెక్కలోకి వస్తుంది

కోర్లు: ఇవాళ కొత్తగా కొనే గేమింగ్ పీసీకి 6 కోర్లు, 12 థ్రెడ్లు కనీసం అనుకోండి. నాలుగు కోర్ల కోర్ ఐ3-12100ఎఫ్ ఇప్పటికీ చాలా గేములు ఆడించగలదు. కానీ కొత్త పెద్ద గేముల్లో, వెనకాల డిస్కార్డ్, బ్రౌజర్ తెరిచి ఉంటే "1 శాతం లో" అంకె పడిపోతుంది. ఎనిమిది కోర్లు దాటాక గేముల్లో లాభం బాగా సన్నగిల్లుతుంది. ఆడుతూ యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చేవాళ్లకు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు ఎక్కువ కోర్లు పనికొస్తాయి.

గిగాహెర్ట్జ్: ప్రాసెసర్ లోపలి గడియారం కొట్టుకునే వేగం ఇది. ఒకే తరం, ఒకే కుటుంబంలోని రెండు ప్రాసెసర్ల మధ్య మాత్రమే దీన్ని పోల్చాలి. వేర్వేరు తరాల మధ్య, వేర్వేరు కంపెనీల మధ్య ఈ అంకెను పోల్చడం దండగ. ఆ గడియారం ఒక్కసారి కొట్టుకునేసరికి ఎంత పని జరుగుతుందన్నది తరం మారితే మారిపోతుంది.

క్యాష్ మెమరీ దగ్గర మాత్రం ఆగి చూడాలి. ఇది ప్రాసెసర్ చిప్‌లోనే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీ. గేమ్‌లోని వేలాది వస్తువుల సమాచారం కోసం ప్రాసెసర్ మాటిమాటికీ మెమరీని అడుగుతుంది. ఆ సమాచారం చిప్‌లోనే ఉన్న ఎల్3 క్యాష్‌లో దొరికితే సుమారు 10 నానోసెకన్లలో చేతికొస్తుంది. లేక ర్యామ్ దాకా వెళ్లాల్సి వస్తే 70, 80 నానోసెకన్లు పడుతుంది, అంతసేపూ కోర్ పని లేకుండా ఎదురుచూస్తుంది. వేగవంతమైన కోర్ ఉండి కూడా గేమ్ నెమ్మదించడానికి పెద్ద కారణం ఈ ఎదురుచూపే.

దీనికి అన్నిటికంటే చక్కని రుజువు 2022 ఏప్రిల్‌లో ఏఎండీ విడుదల చేసిన రైజెన్ 7 5800ఎక్స్3డీ. అంతకుముందున్న 5800ఎక్స్‌లోనూ ఇవే 8 కోర్లు, ఇదే జెన్ 3 డిజైన్. పాతది 4.7 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, కొత్తది 4.5 దగ్గరే ఆగుతుంది. అయితే చిప్ మీద ఇంకో పొర క్యాష్ పేర్చి 32 ఎంబీని 96 ఎంబీ చేశారు. వేగం తగ్గించుకున్న ఆ చిప్ గేముల్లో 5800ఎక్స్‌నే కాదు, 12 కోర్ల 5900ఎక్స్‌నీ దాటింది. ఆ తర్వాత 2023 ఏప్రిల్‌లో వచ్చిన 7800ఎక్స్3డీ, 2024 నవంబర్‌లో వచ్చిన 9800ఎక్స్3డీ అదే దారి. 9800ఎక్స్3డీలో క్యాష్ పొరను కోర్ల పైనుంచి తీసి కిందికి మార్చారు, దాంతో కోర్ల వేడి కూలర్‌కి నేరుగా అందుతోంది, వేగం 5.2 గిగాహెర్ట్జ్‌కి చేరింది. ఏ గేముకైనా ఇంతే లాభం ఉంటుందని కాదు. సిమ్యులేటర్లు, స్ట్రాటజీ గేములు, పెద్ద ఆన్‌లైన్ ప్రపంచాలు ఎక్కువ లాభపడతాయి. కొన్ని గేముల్లో తేడా స్వల్పం.

ఇదే క్యాష్ లెక్క తక్కువ బడ్జెట్‌లోనూ పనిచేస్తుంది, చాలామంది గమనించరు. రైజెన్ 5 5600, రైజెన్ 5 5500 పేర్లు పక్కపక్కనే ఉంటాయి, రెండూ 6 కోర్లే. 5600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, 5500లో 16 ఎంబీ. పైగా ప్రాసెసర్‌నీ గ్రాఫిక్స్ కార్డునీ కలిపే పీసీఐఈ లింకు 5500లో మూడో తరమే. ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డులు ఆ లింకులో ఎనిమిది లేన్లే (దారులే) వాడుకుంటాయి కాబట్టి ఆ పాత లింకు కొన్ని గేముల్లో అదనపు అడ్డు. 5600జీ కూడా అదే 16 ఎంబీ బాపతు. ధరలో తేడా కొద్దిగానే ఉంటే 5600 వైపే వెళ్లండి.

ఇక వెనకాల అక్షరాలు. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకుండా తెర వెలగదు. కే ఉంటే ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చు, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే పెంచుకోవచ్చు. రైజెన్‌లో జీ ఉంటే లోపలి గ్రాఫిక్స్ కాస్త బలమైనది, కార్డు తర్వాత కొంటామనేవాళ్లకు పనికొస్తుంది. ఎక్స్3డీ అంటే పైన చెప్పిన అదనపు క్యాష్.

ఐదో మెట్టు: ప్రాసెసర్ ధర ఒక్కటే చూడొద్దు

పోల్చాల్సింది ప్రాసెసర్, మదర్‌బోర్డ్, ర్యామ్, కూలర్ నాలుగూ కలిపిన మొత్తం. మదర్‌బోర్డ్ మీద ప్రాసెసర్ కూర్చునే గూడే సాకెట్. ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5కి కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. పాత సాకెట్ ఏఎం4కి డీడీఆర్4. ఇంటెల్ 12, 13, 14 తరాలకు బోర్డును బట్టి ఏదో ఒకటి. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఈ తేడా మునుపటికంటే ఎక్కువ బరువుగా తగులుతుంది. ఇంట్లో ఇప్పటికే మంచి డీడీఆర్4 ర్యామ్ ఉంటే దాన్ని వాడుకునే దారి చూడటం తెలివైన పని.

కూలర్ సంగతీ చూసుకోండి. రైజెన్ 5 5600, 7600 పెట్టెల్లో కూలర్ వస్తుంది. 9600ఎక్స్, 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీ పెట్టెల్లో రాదు.

ముందుముందు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుండాలంటే సాకెట్ ముఖ్యం. ఏఎం5ని 2027 దాకా, ఆ తర్వాతా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. ఇంటెల్ 14వ తరంతో ఎల్‌జీఏ 1700 సాకెట్ డెస్క్‌టాప్ దారి ముగిసింది. మరోవైపు ఏఎం4 సాకెట్ ఉన్న బీ450 బోర్డు మీద పాత రైజెన్ 5 2600 ఉన్నవాళ్లు కొత్త పీసీ గురించి ఆలోచించేముందు బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి 5600 పెట్టుకోవచ్చు. 5700ఎక్స్3డీ ఎక్కడైనా న్యాయమైన ధరకు దొరికితే ఇంకా మంచిది. బోర్డు, ర్యామ్, క్యాబినెట్ అన్నీ పాతవే, గేమ్ మాత్రం కొత్తగా ఉంటుంది.

ఆరో మెట్టు: విశాఖ వేడిని లెక్కలో వేయండి

రివ్యూలు చేసేవాళ్ల గదులు 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటాయి. మే నెలలో గాజువాకలోనో కంచరపాలెంలోనో ఏసీ లేని గదిలో రాత్రి తొమ్మిదింటికి కూడా 32 డిగ్రీలు ఉండొచ్చు. గది ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే ప్రాసెసర్ కూడా సుమారుగా అన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. రివ్యూలో 78 చూపించినది మీ దగ్గర 88కి చేరుతుంది. ప్రాసెసర్‌కి ఒక హద్దు ఉంటుంది: రైజెన్ 5 7600కి 95 డిగ్రీలు, 7800ఎక్స్3డీకి 89, ఇంటెల్ 14వ తరంలో కే రకాలకు 100. ఆ హద్దు తాకితే వేగం తనంతట తానే తగ్గుతుంది, మీరు డబ్బు పెట్టి కొన్న ఫ్రేములు అలా పోతాయి.

కాబట్టి మనకు వాట్లు కూడా పోలికలో భాగమే. రివ్యూల కొలతల్లో గేములు ఆడుతున్నప్పుడు 7800ఎక్స్3డీ సగటున 50 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటే, కోర్ ఐ9-14900కే 150 వాట్ల దాకా తీసుకుంటుంది. పూర్తి భారం పడితే ఐ9కి ఇంటెల్ రాసిన గరిష్ఠం 253 వాట్లు. ఆ వేడి అంతా చివరికి మీ గదిలోకే వస్తుంది, దాన్ని బయటికి పంపడానికి ఏసీ అదనంగా తిరుగుతుంది, కరెంటు బిల్లులో రెండుసార్లు పడుతుంది. దగ్గర దగ్గర ఫ్రేములిచ్చే రెండు ప్రాసెసర్లలో తక్కువ వాట్లు తీసుకునేదే ఈ ఊరికి మంచిదని నా గట్టి అభిప్రాయం.

65 వాట్ల తరగతి ప్రాసెసర్‌కైనా పెట్టెలో వచ్చే చిన్న కూలర్ కంటే నాలుగు హీట్‌పైపుల టవర్ ఎయిర్ కూలర్ వేయించుకోవడం మేలు. శబ్దమూ తగ్గుతుంది. ఇక బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, రుషికొండ వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్లలో ఉప్పుగాలి క్యాబినెట్ స్క్రూలను, కూలర్ రెక్కలను తుప్పు పట్టిస్తుంది. పీసీని సముద్రం వైపు కిటికీ పక్కన పెట్టకండి. రెండు మూడు నెలలకోసారి దుమ్ము దులిపించండి.

ఏడో మెట్టు: చివరి పోలిక

60 నుంచి 75 హెర్ట్జ్ మానిటర్, మధ్యరకం కంటే తక్కువ కార్డు ఉంటే రైజెన్ 5 5600 లేదా కోర్ ఐ5-12400ఎఫ్. రెండింటి మధ్య గేముల్లో తేడా చిన్నది, ఆ రోజు బోర్డుతో కలిపి ఏది తక్కువకొస్తే అది తీసుకోండి. ఇక్కడ మిగిలే డబ్బంతా కార్డుకే వెళ్లాలి.

144 నుంచి 180 హెర్ట్జ్, 1440 రిజల్యూషన్, ఐదేళ్లు వాడాలనుకుంటే ఏఎం5లో 7600 లేదా 9600ఎక్స్. ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే.

240 హెర్ట్జ్ పైన పోటీగా ఆడేవాళ్లకు, సిమ్యులేటర్ల పిచ్చి ఉన్నవాళ్లకు 7800ఎక్స్3డీ లేదా 9800ఎక్స్3డీ. 16 కోర్ల 7950ఎక్స్3డీలో అదనపు క్యాష్ సగం కోర్లకే ఉంటుంది, గేమ్‌ని సరైన సగానికి పంపే పని విండోస్ మీద పడుతుంది. గేములు మాత్రమే ఆడేవాళ్లకు 8 కోర్లదే సరైన ఎంపిక. గేముతో పాటు ఎడిటింగ్ కూడా బాగా చేసేవాళ్లు కోర్ ఐ5-14600కే, కోర్ అల్ట్రా 7 265కే కూడా చూడొచ్చు.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 65 వాట్లు, ఆపై ఉన్న చాలా రకాలు అవసరానికి మించిన వోల్టేజీ వల్ల కాలక్రమేణా దెబ్బతిని గేములు క్రాష్ అవుతున్న సంగతి 2024లో బయటపడింది. అదే ఏడాది ఆగస్టులో, సెప్టెంబర్‌లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. కొత్తది కొంటే ముందు బయోస్ అప్‌డేట్ చేయించండి. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అప్‌డేట్ బాగుచేయలేదు. అందుకే ఈ తరాల ఐ7, ఐ9 సెకండ్ హ్యాండ్‌లో వద్దనే చెబుతాను. ఇంకా పాతవి కొనేటప్పుడు మరో గీత ఉంది: విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి మామూలుగా ఇంటెల్ 8వ తరం, రైజెన్ 2000 లేదా ఆపైవి కావాలి. వాలరెంట్ అయితే విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు కూడా అడుగుతుంది.

ల్యాప్‌టాప్ కొనే విద్యార్థులకు ఒక్క హెచ్చరిక. పేరులోని మొదటి అంకెను చూసి తరం అనుకోకండి. రైజెన్ 7000 ల్యాప్‌టాప్ చిప్‌లలో డిజైన్‌ని చెప్పేది మూడో అంకె. 7520యూలో ఆ 2 అంటే జెన్ 2, 2019 నాటి డిజైన్. పేరు చివర యూ ఉన్నవి బ్యాటరీ ఆదా కోసం చేసినవి, గేములకు హెచ్, హెచ్‌ఎస్, హెచ్‌ఎక్స్ చూడాలి. అదే చిప్ ఒక మోడల్‌లో ఒకలా, ఇంకో మోడల్‌లో మరోలా నడుస్తుంది కాబట్టి సరిగ్గా ఆ ల్యాప్‌టాప్ మోడల్ రివ్యూనే చూడండి.

ఎనిమిదో మెట్టు: షాపులో, ఆ తర్వాత ఇంట్లో

కనీసం రెండు షాపుల్లో ఒకే జాబితాకి రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి. అందులో ప్రాసెసర్ పూర్తి పేరు ఉండాలి. "రైజెన్ 5" అని రాస్తే చాలదు, "రైజెన్ 5 7600" అని అంకెతో సహా ఉండాలి. ర్యామ్ దగ్గర "16 జీబీ" అని కాకుండా "8 జీబీ రెండు" అని రాయించండి. ఒక్కటే స్టిక్ వేస్తే మెమరీ సింగిల్ చానల్‌లో నడిచి, ప్రాసెసర్ మీద ఆధారపడే గేముల్లో ఫ్రేములు బాగానే పడిపోతాయి. పెట్టెతో వచ్చే ప్రాసెసర్‌కి సాధారణంగా మూడేళ్ల కంపెనీ వారంటీ ఉంటుంది. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ ఉందో లేదో అక్కడే చూసుకోండి. "బిల్లు లేకుండా అయితే కొంచెం తగ్గిస్తాం అన్నా" అంటే ఒప్పుకోకండి, రేపు వారంటీకి నిలబడేది ఆ కాగితమే.

ఇంటికొచ్చాక బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ బోర్డులో ఎక్స్‌ఎంపీ, ఏఎం5 బోర్డులో ఎక్స్‌పో ఆన్ చేయండి. ఇది చేయకపోతే 6000 వేగం అని కొన్న డీడీఆర్5 ర్యామ్ 4800 దగ్గరే తిరుగుతుంది. రైజెన్ 7000, 9000 వరుసకు 6000 వేగం చక్కగా సరిపోతుంది. రెండు స్టిక్‌లు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డ్‌కి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారో లేదో చూడండి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు 60 దగ్గరే ఉండిపోతే మార్చండి. బయోస్ అప్‌డేట్ చేసేటప్పుడు పీసీ యూపీఎస్ మీద ఉండాలి. గాలివానల రోజుల్లో, ముఖ్యంగా అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలంలో ఆ పని పెట్టుకోకండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు.

తర్వాత రెండో మెట్టులో చేసిన పరీక్షే మళ్లీ చేయండి. అదే గేమ్, అదే చోటు, అవే సెట్టింగులు. మూడో మెట్టులో లెక్క వేసుకున్న అంకెకు 10 శాతం లోపు తేడా ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. అంతకంటే తక్కువొస్తే ముందు ర్యామ్ వేగం, తర్వాత హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంలో ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ఆ తర్వాత విండోస్ పవర్ ప్లాన్ ఈ వరుసలో చూడండి. అరగంట ఆడాక ఉష్ణోగ్రత హద్దు తాకుతుంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదనో థర్మల్ పేస్ట్ చాలలేదనో అనుమానించి, ఆలస్యం చేయకుండా అసెంబుల్ చేసిన షాపుకి తీసుకెళ్లి చూపించండి.